అమ్మ ఇంటికొచ్చింది, అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నిన్న రాత్రి అమ్మను కవిటి తీసుకొచ్చేశాం. కిడ్నీలు పాడయ్యాయి, మెడలో డయాలసిస్ పైపు ఇంకా ఉంది, డయాలసిస్ ఇక తప్పదు, కానీ గండం గడిచింది. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. పడుకుంటే మళ్ళీ ఎప్పటికి రాస్తానోనని ఇప్పుడే కూర్చున్నాను.

అన్నయ్య, వదిన, మా ఆయన. వీళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు. ప్రార్థనలో మోసిన సంఘానికి, పాస్టరు గారికి వందనాలు. అసలు చెప్పాల్సింది శ్రీకాకుళంలో డయాలసిస్ గది బయట బెంచీ మీద కలిసిన ఒకావిడ గురించి.

చీపురుపల్లి వైపు మనిషి. భర్తకి చాలాకాలంగా డయాలసిస్. ముఖాన పసుపు, సంచిలో పైడితల్లి అమ్మవారి కుంకుమ పొట్లం. మా పిన్ని ఊరి నుంచి కొబ్బరి బొండాలు మోసుకొచ్చింది. కొబ్బరితోటల ఉద్దానం వాళ్ళం, రోగిని చూడ్డానికి ఇంకేం తెస్తాం? గ్లాసులో పోస్తుంటే ఆవిడ లేచొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఓలమ్మ, కొబ్బరినీళ్ళేటి! అందులో పొటాషియం ఉంటాది. కిడ్నీ పాడైనోళ్ళకి అది బయటికి పోదు, గుండె పట్టేస్తాది" అంది. అంతకుముందు ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

చారు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదన్నారు అమ్మకి. దాహం, దాహం అని పసిపిల్లలా గొణిగేది. ఆవిడ గేటు దగ్గర సోడా బండి నుంచి ఐసు తెచ్చింది. టిఫిన్ మూతలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, రాయితో చితక్కొట్టింది. అందులోంచి శనగగింజంత ముక్క ఏరి అమ్మ నాలుక మీద పెట్టింది. "నమలకప్పా, అలాగుంచు. గొంతు తడుస్తాది, ఒంట్లో నీరు ఎక్కువ చేరదు" అంది. అమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరు ముందు, బిల్లుల ముందు ఏడవని దాన్ని, ఆ వరండాలో ఆపుకోలేకపోయాను. ఆవిడ ఓదార్చలేదు కూడా. మిగిలిన ఐసు నా చేతిలో పెట్టి, కరిగేలోపు ఇంకో ముక్క పెట్టమంది.

గిన్నెడు చన్నీళ్ళిచ్చినా దాని ఫలం పోదన్న యేసు వాక్యం సండే స్కూల్లోనే కంఠతా పట్టాం. దప్పిగొన్నవాడికి దాహం ఇస్తే తనకిచ్చినట్టేనని తీర్పు రోజున ప్రభువు చెప్పే సంగతి బైబిల్లో మత్తయి 25లో ఉంది. మన ఇళ్ళలో అవి ఎప్పుడూ మనం ఎవరికి ఏమిచ్చాం అన్న లెక్కకే వస్తాయి. సోంపేటలో మిషన్ ఆసుపత్రి గురించి వింటూ పెరిగినవాళ్ళం కదా, సేవంటే మనవాళ్ళు చేసేదనే అతిశయం కాస్త ఉంటుంది. ఈసారి దాహం మాది. ఇచ్చింది అమ్మవారిని కొలిచే మనిషి. ఇంటికొచ్చి ఆ అధ్యాయం తీశాను. నీళ్ళిచ్చినవాళ్ళూ "ప్రభువా, నిన్నెప్పుడు చూశాం?" అంటారు, ఇవ్వనివాళ్ళూ అదే అంటారు. ఆయన్ని ఎవరూ పోల్చుకోలేదు. తీర్పులో ఆయన అడిగింది కూడా అది కాదు. ఇదంతా ఆవిడతో అంటే "ఐసు ముక్కకి ఇంత కథేటి పాపా" అంటుంది.

ఒక్కటి మాత్రం కడుపులో దాచుకోలేను. అమ్మ పెళ్ళైన దగ్గర్నుంచి జీడిపిక్కలు ఒలిచింది. ఆ జీడి రసం వేలి గీతలు తినేసింది. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద వైద్యం కావాలంటే వేలిముద్ర పడాలట. ఏ వేలూ పడలేదు. మెడలో పైపుతో ఉన్న మనిషిని వెళ్ళి ఆధార్ అప్‌డేట్ చేయించుకు రమ్మన్నారు! మా వైపు ఇలాంటి చేతులు ప్రతి వీధిలోనూ ఉంటాయి. వాళ్ళకి ఇంకో దారి పెట్టాలని ఎవరికీ తోచలేదా? ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. పోయిన కిడ్నీకి కాగితాలైనా తేలిక చేయొచ్చు కదా.

అయ్యో, రక్తం ఇచ్చిన డిగ్రీ కుర్రాడిని మర్చిపోయాను. పరీక్ష ఉందని జ్యూస్ కూడా తాగకుండా పరిగెత్తాడు, పేరైనా అడగలేదు. హైవే మీద ప్రతి గతుకు దగ్గరా కారు స్లో చేసిన డ్రైవర్ తమ్ముడు. మా మేకలకి మేత వేసిన పక్కింటి తాతయ్య. ఇంకా నైట్ డ్యూటీ సిస్టర్, మీ ఛార్జర్ నా బ్యాగులోనే వచ్చేసింది, గురువారం డయాలసిస్‌కి వచ్చినప్పుడు ఇచ్చేస్తాను.