ఒక్క సీఆర్‌పీ అంకె చాలదు: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నవజాత శిశువుల విభాగంలో పనిచేసే డాక్టర్‌ని. కొత్త యంత్రాలు అడగడానికి రాయడం లేదు. ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచే సీఆర్‌పీ పరీక్ష మన దగ్గర ఉంది, దాన్నే సరైన వేళకు జరిగేలా చూడమని కోరుతున్నాను.

పుట్టిన పిల్లల్లో బాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను పట్టుకోవడం కష్టం. జ్వరం రావాలనేం లేదు, ఒళ్లు చల్లబడనూ వచ్చు. పాలు తాగకపోవడం, మగతగా ఉండటం, ఎగశ్వాస లాంటివి వేరే కారణాలకూ వస్తాయి. అందుకే గట్టి అనుమానం ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతాం. ఆగితే గంటల్లో పరిస్థితి చేయి దాటిపోవచ్చు. మొదలుపెట్టాక ఎప్పుడు ఆపాలన్నదే అసలు చిక్కు.

ఇక్కడే సీఆర్‌పీని తప్పుగా వాడుతున్నాం. కాలేయం తయారుచేసే ఈ ప్రోటీన్ ఇన్ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటలకు గానీ రక్తంలో పెరగదు. బాగా పెరిగేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పుట్టిన గంటకే తీసిన రక్తంలో అది తక్కువగా ఉంటే బిడ్డకు ఏమీ లేదని ధైర్యం చెప్పలేం. నెలలు నిండని పిల్లల్లో అసలు అంతగా పెరగకపోవచ్చు కూడా. కాన్పు కష్టమైనా, ఉమ్మనీటిలో కలిసిన మలం ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ఇన్ఫెక్షన్ లేకుండానే పెరుగుతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటింది కదా అని, కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) ఏమీ రాకపోయినా, బిడ్డ హాయిగా పాలు తాగుతున్నా, వారం రోజులు ఇంజెక్షన్లు పొడిగించడం చూస్తూనే ఉన్నాం. అన్నాళ్లూ తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ చెప్పిన ప్రకారం మందు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, 18 నుంచి 24 గంటల తర్వాత మరోసారి సీఆర్‌పీ చూడాలి. మొదటి అనుమానం బలమైనది కాకపోతే, బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, బిడ్డ బాగుంటే, రెండు అంకెలూ భరోసా ఇస్తే, 36 గంటలకే మందు ఆపే ఆలోచన చేయవచ్చు.

ఇన్ఫెక్షన్‌ను సూచించే మరో రక్తపరీక్ష, ప్రోకాల్సిటోనిన్ కొనమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది సీఆర్‌పీ కంటే త్వరగా పెరుగుతుంది, నిజమే. నాలుగు దేశాల్లో 1,700 మందికి పైగా శిశువులతో చేసి 2017లో ప్రచురించిన నియోపిన్స్ అధ్యయనంలో, దాని సాయంతో యాంటీబయాటిక్ వాడకం సగటున 65 గంటల నుంచి 55 గంటలకు తగ్గింది. కానీ ఆరోగ్యంగా ఉన్న శిశువులోనూ అది మొదటి రోజు సహజంగానే పెరుగుతుంది. రక్తం తీసినప్పుడు బిడ్డ వయసు ఎన్ని గంటలో తెలియకపోతే ఆ రిపోర్టు టెన్షన్ పెంచడానికే పనికొస్తుంది.

కాబట్టి ముందు రిపోర్టు ఫారంలో బిడ్డ వయసును గంటల్లో రాసే గడి పెట్టించండి. మొదటి డోసుకు ముందే కనీసం 1 మిల్లీలీటరు రక్తం కల్చర్‌కు వెళ్లాలి. చుక్కలు పంపితే సూక్ష్మజీవి ఉన్నా దొరకదు. అలాగని రోజూ సూది గుచ్చడమూ వద్దు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 100 మిల్లీలీటర్లే. కల్చర్ నెగెటివ్ వచ్చినా 48 గంటలు దాటి యాంటీబయాటిక్ వాడిన పిల్లలెందరో ప్రతి విభాగం నెలనెలా లెక్క చెప్పాలి.

మందు ఎప్పుడు ఆపాలో ఉత్తర్వుతో శాసించమనడం లేదు, అది బిడ్డను చూస్తున్న డాక్టర్ తేల్చాల్సిన విషయం. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ల్యాబ్ తెరిచి ఉండేలా చూడటం మాత్రం మీ చేతిలో ఉంది. శనివారం సాయంత్రం చేయాల్సిన రెండో పరీక్ష సోమవారానికి వాయిదా పడితే, ఆ బిడ్డకు రెండు రోజుల మందు అదనంగా ఎక్కుతుంది.

ఇట్లు,
నవజాత శిశు విభాగంలో పనిచేస్తున్న ఒక వైద్యుడు