రాజీ కుదిరింది సరే, లోపం సంగతేంటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కారు ప్రమాదం జరిగితే వార్తలో కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది. అతివేగం, కాదంటే నిద్రమత్తు. చాలాసార్లు అది నిజమే అయినా, కారులో ఏదైనా భాగం చెడి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. పట్టుబట్టి అడిగి, కోర్టుకెక్కి, లోపం ఉందని నిరూపించే దాకా వెళ్లినవాళ్ల కేసులు కూడా ఎన్నో రహస్య రాజీలతో ముగిసిపోతున్నాయి. బాధితులకు డబ్బు అందుతుంది, లోపం సంగతి ఫైళ్లలో ఉండిపోతుంది. అదే భాగం ఉన్న కార్లు మాత్రం రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాయి.

అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ (తాళంచెవి తిప్పి కారు స్టార్ట్ చేసే స్విచ్) కేసే చూడండి. తాళంచెవి తిప్పిన చోట నిలబడాలంటే స్విచ్ లోపల ఒక చిన్న స్ప్రింగు, దాని ముందుండే పిన్ను గట్టిగా పట్టి ఉంచాలి. కోబాల్ట్ వంటి మోడళ్లలో బిగించిన స్విచ్‌కి ఆ పట్టు చాలలేదు. తాళాల గుత్తి బరువుకో, గతుకుకో, మోకాలు తగిలో తాళంచెవి వెనక్కి జారిపోయేది. దాంతో వేగంగా వెళ్తున్న కారులో ఇంజిన్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ పనిచేయదు. అన్నిటికన్నా ఘోరం, కారు దేన్నైనా గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. చూసేవాళ్లకి అది డ్రైవర్ చేతిలో అదుపు తప్పిన కారులాగే కనిపిస్తుంది.

గుట్టు విప్పింది కంపెనీ కాదు, ప్రభుత్వ భద్రతా సంస్థా కాదు. అమెరికాలోని జార్జియాలో 2010లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వేసిన కేసు. వాళ్ల తరఫు ఇంజినీరు ఆ కూతురి కారులోని స్విచ్‌నీ, అదే పార్ట్ నంబరుతో కొత్తగా కొన్న స్విచ్‌నీ విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. కొత్తదాంట్లో పిన్ను పొడుగ్గా ఉంది, స్ప్రింగు బిగువుగా ఉంది. అంటే కంపెనీ చడీచప్పుడు లేకుండా డిజైన్ మార్చేసింది, పైన నంబరు మాత్రం అలాగే ఉంచింది. భాగం మారితే నంబరు మారాలన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. మార్పు సంగతి నాకు తెలియదని ప్రమాణం చేసి చెప్పిన కంపెనీ డిజైన్ ఇంజినీరే, 2006లో దానికి ఆమోదం తెలుపుతూ సంతకం పెట్టిన కాగితం తర్వాత బయటికొచ్చింది.

ఇంత తేలాక కూడా 2013లో కేసు రాజీ అయింది, షరతులు గోప్యం. రీకాల్, అంటే లోపమున్న కార్లను బాగుచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, మొదలైంది 2014 ఫిబ్రవరిలో. అదీ మొదట కొన్ని మోడళ్లకే. ఆ కుటుంబం లాయరు భద్రతా సంస్థకు ఉత్తరం రాసి నిలదీశాక మరికొన్ని మోడళ్లు చేరాయి. ఆ ఏడాది ఈ స్విచ్ కోసం వెనక్కి పిలిచిన కార్లు దాదాపు 26 లక్షలు. కంపెనీ పెట్టిన పరిహార నిధి ఒప్పుకున్న మరణాలు 124. ఆ తల్లిదండ్రులు తమ రాజీని తిరగదోడమంటూ మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.

జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌లదీ ఇదే వరస. వాటిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు లోహపు డబ్బానే ముక్కలు చేసి డ్రైవర్ మీదికి విసిరేది. 2004లో అలబామాలో ఒక హోండా కారులో ఇలా జరిగితే, అదేదో ఒక్క కారుకు పట్టిన గ్రహచారమన్నట్టు చూసి, గాయపడిన వ్యక్తితో రాజీ చేసుకున్నారు. మొదటి రీకాల్ 2008లో, అదీ సుమారు 4,000 కార్లకే. చివరికి అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగును ఉబ్బించే ఆ డబ్బాలు) వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

తప్పంతా కంపెనీలదే అని నేను అనను. 2000లో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఆ టైర్ల తొడుగు ఊడిపోతోందని బాధితుల తరఫు లాయర్లు కొందరికి 1996 నాటికే తెలుసు. ప్రభుత్వం విచారణ జరిపి లోపం లేదని తేలిస్తే తమ కేసులు దెబ్బతింటాయని వాళ్లు నోరు మెదపలేదు. ఇది చదివినప్పుడు నాకు కంపెనీల మీద కన్నా వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆస్పత్రి బిల్లులతో సతమతమయ్యే కుటుంబాన్ని ఏళ్ల తరబడి పోరాడమనడం న్యాయం కాదని కొందరంటారు. నిజమే, రాజీ వద్దని ఎవరూ అనడం లేదు. ఎంత డబ్బు ఇచ్చారో దాచుకోండి. ఏ భాగం, ఎలా చెడింది, కంపెనీకి ఎప్పుడు తెలిసింది అన్నవి దాచడానికి వీల్లేదు. ఇది జరగని పనేం కాదు. ప్రజలకు హాని చేసే లోపాన్ని కప్పిపుచ్చేలా కోర్టులు ఉత్తర్వులివ్వకూడదని, అలాంటి ఒప్పందాలు చెల్లవని ఫ్లోరిడా రాష్ట్రం 1990లోనే చట్టం చేసింది. వ్యాపార రహస్యమన్న సాకు నాకు మింగుడుపడదు. మనిషి ప్రాణం తీసే స్ప్రింగులో కాపాడుకోవాల్సిన రహస్యం ఏముంటుంది?

బహిరంగంగా వచ్చే తీర్పుకు ఇంకో విలువ కూడా ఉంది. వందేళ్ల కిందట న్యూయార్క్ రాష్ట్రంలో ఒక బ్యూక్ కారు చెక్క చక్రం విరిగి యజమాని గాయపడ్డాడు. చక్రం వేరేవాళ్ల దగ్గర కొన్నామని, కారు అమ్మింది డీలరని కంపెనీ వాదించింది. పరీక్షించి అమర్చాల్సిన బాధ్యత నీదేనని 1916లో కోర్టు తేల్చింది. తర్వాత ఎందరో వినియోగదారులు ఆ తీర్పు ఆసరాతోనే కేసులు వేయగలిగారు. ఆ గొడవ గుట్టుగా రాజీ అయిపోయి ఉంటే వాళ్లకి ఆ దారి దొరికేది కాదు.

కాబట్టి లోపమున్న భాగం మీద వేసిన కేసు రాజీ అయితే, ఆ కేసులో బయటపడ్డ సాంకేతిక వివరాలు నెలలోగా వాహన భద్రతా సంస్థకు చేరాలన్న నిబంధన పెట్టాలి. పంపాల్సిన బాధ్యత ఇరుపక్షాల లాయర్ల మీదా ఉండాలి. ఈలోగా, ప్రమాదంలో భాగం మీద అనుమానమున్నవాళ్లు ఇన్సూరెన్స్ డబ్బు వచ్చిందని కారును తుక్కుకి వదలకండి. ఇంజినీరు చూసేదాకా ఏ భాగమూ విప్పనివ్వకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు