మీరు కోసేసిన 17వ చాప్టర్ గురించి

కస్టమర్ సర్వీసు వారికి, వీలైతే పుస్తకాల విభాగం చూసేవాళ్లకు కూడా,

నమస్తే. మీ ఈ-బుక్ యాప్‌కి ఆరేళ్లుగా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాను. అది కాక విడిగా డబ్బులిచ్చి కొన్నవి నా లైబ్రరీలో 143 పుస్తకాలున్నాయి. ఓ పది తప్ప అన్నీ రొమాన్స్ నవలలే, అందులోనూ శృంగారం దండిగా ఉన్నవి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాట్‌లో మీ ప్రతినిధి "అలాంటి కంటెంట్" అని నాలుగుసార్లు రాశారు తప్ప అదేమిటో పేరు పెట్టి రాయలేదు. నేను రాస్తాను. పడకగది తలుపు మూసేయకుండా రాసిన ప్రేమకథలు నాకు ఇష్టం. కాలేజీ రోజుల్లో మిల్స్ అండ్ బూన్ సన్న పుస్తకాలకు అట్ట వేసుకుని చదవడంతో మొదలైంది, ఇరవై రెండేళ్లయింది, ఇంకా తగ్గలేదు.

జరిగింది ఇది. పోయిన నెల మీ యాప్ అప్‌డేట్ అయ్యాక, నాకు బాగా నచ్చిన ఒక హిస్టారికల్ రొమాన్స్‌ని నాలుగోసారి చదువుదామని తెరిచాను. ఆఫీసులో ఆ వారమంతా విపరీతమైన టెన్షన్. అలాంటప్పుడు నేను కొత్త పుస్తకం పట్టుకోను, ముగింపు తెలిసిన పాతదే కావాలి, ఎంత ఏడిపించినా చివరికి ఇద్దరూ ఒకటవుతారన్న భరోసా కావాలి. 16 చాప్టర్లు హాయిగా గడిచాయి. 17లో ఆమె అతని గది తలుపు తట్టింది, అతను తీశాడు, "లోపలికి రానా" అంది. పేజీ తిప్పితే తెల్లారిపోయింది, ఇద్దరూ గుర్రబ్బండి ఎక్కుతున్నారు.

ముందు నా ఫోనే సరిగ్గా లోడ్ చేయలేదనుకున్నాను. డిలీట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, రెండుసార్లు. నేను పెట్టుకున్న అక్షరాల సైజులో 14 పేజీలు వచ్చే సీను అది. మొత్తం పోయింది. కవర్ అదే, పేరు అదే, రచయిత్రి పేరు అదే. కత్తిరించిన ప్రతి అని ఎక్కడా చిన్న అక్షరాల్లో కూడా లేదు. ఆ రాత్రి పడుకోకుండా మిగతావి ఒక్కొక్కటే తెరిచి చూస్తే ఇంకో తొమ్మిదింటికి ఇదే గతి పట్టింది.

మీకు రాస్తే మూడు రోజులకు జవాబు వచ్చింది. "పాఠకులందరికీ సౌకర్యంగా ఉండేలా కొన్ని భాగాలను సవరించాం, కథలో మార్పేమీ లేదు" అని. రీఫండ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, నేను ఇంత ఉత్తరం రాస్తున్నది ఆ చివరి ముక్క గురించే. కథలో మార్పేమీ లేదని రాసినవారు ఆ నవల చదివి ఉండరు.

ఏం మారిందో నేను చెబుతాను. హీరోయిన్‌కి మొదటి భర్త పోయి నాలుగేళ్లయింది. బతికున్నప్పుడు అతను చీకట్లో వచ్చేవాడు, తాగి, మాటా పలుకూ లేకుండా. అందుకని ఆమె దీపం ఆర్పి పడుకోలేదు, ఈ నాలుగేళ్లలో ఒక్క రాత్రి కూడా. మొదటి చాప్టర్లో పనమ్మాయి పొరపాటున దీపం ఆర్పేస్తే ఆమె తెల్లవార్లూ మెట్ల మీద కూర్చుంటుంది. తర్వాత హీరో వస్తాడు, గొడవలు, ఎత్తిపొడుపులు, ఒకరికొకరు పంపుకోని ఉత్తరాలు, ఒక చోట ఆమె గ్లౌజు గుండీ ఊడదీయడానికి అతనికి అర పేజీ పడుతుంది, ఆ అర పేజీ చదివిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆగినంత పనవుతుంది. ఇదంతా కలిపి 15 చాప్టర్లు. స్లో బర్న్ అంటే ఇదే, నిప్పు మెల్లగా రాజుకోవాలి, పాఠకురాలు ఓపిక పట్టాలి, ఆ ఓపికకు తగ్గది దొరకాలి.

17వ చాప్టర్లో అతను ప్రతి అడుగుకీ అడుగుతాడు. సరేనా అని. ఆమె తల ఊపుతుంది. తల ఊపితే చాలదు, నోటితో చెప్పు అంటాడు. ఆమెకు మాట రాదు, ఎందుకంటే పెళ్లయిన ఏడేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, జవాబు చెప్పే అలవాటే లేదు. ఒక దగ్గర ఆమె కావాలనే "వద్దు" అంటుంది, ఆగుతాడా లేదా అని చూడటానికి. అతను ఆగుతాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు జరిగి, ముఖం మాడ్చుకోకుండా, మామూలుగా గుర్రాల గురించి మాట్లాడతాడు. అప్పుడు ఆమె నవ్వుతుంది. పుస్తకం మొత్తంలో ఆమె నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత తనకేం కావాలో తనే చెబుతుంది, ఆ చెప్పడం ఉంది చూశారూ, ముందు సిగ్గుగా, తర్వాత సిగ్గు లేకుండా, చివరికి ఆజ్ఞాపిస్తున్నట్టుగా, అక్కడ ఆ మనిషి మళ్లీ పుట్టినట్టు ఉంటుంది. సీను చివర తనే లేచి వెళ్లి దీపం ఆర్పేస్తుంది.

నవల చివరి పేజీలో అతను "దీపం ఉంచనా?" అని అడిగితే ఆమె "నువ్వున్నావుగా" అంటుంది. అంతే, కథ అయిపోతుంది. మూడుసార్లు చదివినా మూడుసార్లూ కళ్లు తడిశాయి. ఈరోజు మీ దగ్గర కొత్తగా కొన్న అమ్మాయికి ఆ మాట ఏమని అర్థమవుతుంది? ఆమె చదివిన పుస్తకంలో హీరోయిన్ దీపం ఆర్పనే లేదు, నవ్వనే లేదు, ఒక రాత్రి తలుపు తట్టి పొద్దున్నే బండెక్కింది. ఆ అమ్మాయి రచయిత్రికే సరిగ్గా రాయడం రాలేదనుకుంటుంది, రేటింగ్‌లో రెండు స్టార్లు ఇస్తుంది. ఇప్పటికే అలాంటి రివ్యూలు రెండు చూశాను, "ప్రేమ ఎప్పుడు పుట్టిందో అర్థం కాలేదు" అని. తప్పు మీది, మాట పడేది ఆవిడ.

ఇంకో సంగతి చూసి మరీ బాధేసింది. మూడో చాప్టర్లో ఆమె భర్త ఆమెను కొట్టే సీను రెండు పేజీలు ఉంటుంది. పాత పేపర్ పుస్తకం దగ్గర పెట్టుకుని పోల్చాను, ఒక్క అక్షరం పోలేదు. కొట్టినవాడి రాత్రి ఉంచారు, అడిగి ముట్టుకున్నవాడి రాత్రి తీసేశారు. సౌకర్యం కోసం చేశామన్నారు కదా, ఆ రెండింట్లో ఏది చదవడం మీకు సౌకర్యంగా అనిపించిందో నాకు నిజంగా అర్థం కాలేదు.

అన్ని రొమాన్స్ నవలలకూ ఇలాంటి సీన్లు కావాలని నేననను. తలుపు దగ్గరే ఆగిపోయే నవలలు కూడా నా లైబ్రరీలో ఉన్నాయి, కొన్ని చాలా ఇష్టం. కానీ వాటిని రాసినవాళ్లు మొదటి పేజీ నుంచే ఆ లెక్కతో రాస్తారు. మనసు విప్పాల్సిన మాటలు తోటలోనో బండిలోనో, ఎక్కడో ఒక చోట తలుపు బయటే జరిగేలా చూసుకుంటారు. ఈ రచయిత్రి ఆ మాటలన్నీ లోపల పెట్టింది. మీరు లోపల ఉన్నది మొత్తం తీసి, మిగిలినది తలుపు మూసిన నవల అంటున్నారు. స్తంభాలు తీసేస్తే ఇల్లు ఎలా నిలబడుతుంది?

బలహీనంగా రాసేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకుంటాను. పేర్లు మారిస్తే ఈ నవలలో సీను ఆ నవలలో అతికిపోయేంత మూసగా ఉండేవి నేనూ బోలెడు చదివాను, సగంలో వదిలేశాను. ఏది మంచిదో ఏది కాదో తేల్చుకోవడం నా పని, నలభై మూడేళ్ల మనిషిని.

దాచకుండా ఇంకోటి కూడా చెబుతాను. ఆ సీన్లు పాత్రల మనసు తెలుసుకోవడానికే చదువుతానంటే అది సగం నిజమే. వేడి కోసం కూడా చదువుతాను. ఒళ్లు ఝల్లుమనడం కోసం, అలసిపోయిన రాత్రి ఒక గంట సేపు ఎవరో ఎవరినో అంతగా కోరుకోవడం చూడటం కోసం. ఆడమనిషి సుఖం ప్రధానంగా, ఆమె వైపు నుంచి, ఆమె మాటల్లో రాసిన పుస్తకాలు నాకు దొరికింది ఈ రకం నవలల్లోనే. ఇందులో నేను సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఏమీ కనిపించడం లేదు. మీ యాప్‌లో వయసు 18 దాటిందని ధ్రువీకరణ ఇచ్చాకే ఈ విభాగం తెరుచుకుంటుంది, అది నేను ఆరేళ్ల కిందటే ఇచ్చాను.

నా హైలైట్స్ కూడా పోయాయి. ఆ ఒక్క చాప్టర్లో 31 వాక్యాలు గీసుకున్నాను, పక్కన నోట్స్ రాసుకున్నాను, కొన్ని నా జీవితంలో బాగా కష్టంగా ఉన్న రోజుల్లో రాసుకున్నవి. "ఈ వాక్యం ప్రస్తుత ప్రతిలో లేదు" అని చూపిస్తోంది. 2009లో అమెజాన్, పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ నవలలను వాళ్ల కిండిల్స్‌లోంచి చెప్పాపెట్టకుండా తీసేసింది. తన నోట్స్ పనికిరాకుండా పోయాయని ఒక స్కూలు విద్యార్థి కోర్టుకు కూడా వెళ్లాడు. అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అక్కడ కనీసం పుస్తకం పోయిందని పాఠకులకు తెలిసింది. మీరు పుస్తకాన్ని దాని చోటునే ఉంచి లోపలిది మార్చారు, నేను నాలుగోసారి చదవకపోతే నాకు తెలిసేదే కాదు.

పుస్తకాలు కత్తిరించడం కొత్తేమీ కాదని నాకు తెలుసు. 1818లో థామస్ బౌడ్లర్ షేక్‌స్పియర్ నాటకాల్లో కుటుంబంతో చదవలేని మాటలన్నీ తీసి పది సంపుటాలు వేశాడు. ఆయన చేసిన పని నాకు నచ్చదు, కానీ ఆయన దానికి 'ఫ్యామిలీ షేక్‌స్పియర్' అని వేరే పేరు పెట్టాడు, కొన్ని మాటలు తీసేశానని మొదటి పేజీలోనే అచ్చు వేశాడు. మన దగ్గరికొస్తే, కవయిత్రి ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం అచ్చులో కొన్ని పద్యాలు ఎగిరిపోయి వస్తే, గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు అసలు ప్రతి సంపాదించి 1910లో పూర్తిగా వేయించారు. ప్రభుత్వం నిషేధించింది, ఆ నిషేధం పోవడానికి మూడు దశాబ్దాలు దాటింది. ఒక ఆడమనిషి రాసిన శృంగారం ఎగిరిపోతే ఇంకో ఆడమనిషి వెతికి తెచ్చి నిలబెట్టిన భాష మనది. ఆ భాషలో "సవరించాం" అన్న ఒక్క మాటతో నాకు జవాబు చెప్పి ఊరుకున్నారు.

రచయిత్రి అనుమతి తీసుకున్నారా అని చాట్‌లో రెండుసార్లు అడిగాను, జవాబు రాలేదు. ఇక్కడ మూడోసారి అడుగుతున్నాను. తన రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు ఉంటుందని కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలోనే రాసుంది. ఆవిడ ఒప్పుకుని ఉంటే ఆ మాట పుస్తకం మీద వేయండి. ఒప్పుకోకపోతే ఏం చేయాలో మీకే తెలుసు.

నాకు కావలసింది ఏమిటంటే, నేను డబ్బిచ్చి కొన్న ఈ పది పుస్తకాల అసలు ప్రతులు నా లైబ్రరీలోకి తిరిగి రావాలి, నా హైలైట్స్, నోట్స్ సహా. అవి మీ సర్వర్‌లో ఉండే ఉంటాయి, లేకపోతే "ప్రస్తుత ప్రతిలో లేదు" అని చూపించలేరు. కత్తిరించిన ప్రతులు కావాలనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకూ అమ్మండి, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే కవర్ మీద ఆ మాట ఉండాలి, కొనే ముందే తెలియాలి. సెర్చ్‌లో స్లో బర్న్ అని కొడితే ఇప్పుడు కొవ్వొత్తుల తయారీ పుస్తకాలు వస్తున్నాయి, అదీ బాగు చేయండి. ఇవేవీ కుదరవంటే పది పుస్తకాల డబ్బు పూర్తిగా వెనక్కి ఇచ్చి, ఈ ఏడాది సబ్‌స్క్రిప్షన్‌లో మిగిలిన నెలలది కూడా ఇచ్చేయండి, నేను వేరే చోట కొనుక్కుంటాను. కానీ నాకు డబ్బు కంటే పుస్తకాలే కావాలి. "కథలో మార్పేమీ లేదు" అన్న మాట రాతపూర్వకంగా వెనక్కి తీసుకుంటే సంతోషిస్తాను.

దయచేసి ఈసారి తయారుగా పెట్టుకున్న జవాబు పంపకండి. ఈ ఉత్తరాన్ని, ఆ నవల పూర్తి ప్రతిని ఒక మనిషికి ఇచ్చి చదివించి, ఆ మనిషి చేత రాయించండి. పదిహేను రోజులు ఎదురు చూస్తాను. పుస్తకం డిలీట్ చేయలేదు, 16వ చాప్టర్ చివర బుక్‌మార్క్ పెట్టి ఉంచాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల పాఠకురాలు