ఆటో అన్న అంత్యక్రియలు, దినాలు: జమా ఖర్చుల వివరణ

అంబర్‌పేటలోని మా బస్తీ వాసులకు నమస్కారం. పోయిన నెల కాలం చేసిన ఆటో డ్రైవర్ అన్న అంత్యక్రియలకు, దినాలకు మీరిచ్చిన డబ్బుల లెక్క ఇది. ఇంటివాళ్లు వద్దన్నందున పేర్లు రాయడం లేదు.

జమ: ఇంటికి రూ.500 చొప్పున 62 ఇళ్ల నుంచి రూ.31,000, ఆటో స్టాండ్ వాళ్లు రూ.10,500, సంఘం నిధి రూ.10,000. మొత్తం రూ.51,500.

ఖర్చు: ఫ్రీజర్ బాక్సు కిరాయి రూ.3,000, వైకుంఠ రథం రూ.2,500, పాడె, కుండలు, కొత్త బట్టలు, పూలు రూ.4,800, కట్టెలు, కాటికాపరి రూ.9,500, డప్పులు రూ.4,000, టెంటు, కుర్చీలు, చాయ్ రూ.3,200, మూడో రోజు పిట్టకు పెట్టడానికి రూ.2,000, పదో రోజు మంగలి, చాకలి వారికి, పూజ సామానుకు రూ.3,500, ఆ రోజు భోజనాలకు రూ.9,000. మొత్తం రూ.41,500. కాటికాపరి దగ్గర రసీదు ఉండదు కాబట్టి ఇద్దరు సభ్యుల సంతకాలతో వోచర్ రాశాం.

డప్పులు అవసరమా అని ఒకరిద్దరు అడిగారు. కొడుకును డప్పు లేకుండా సాగనంపొద్దని ముసలమ్మ పట్టుబట్టింది. అది దండగ ఖర్చని కమిటీ అనుకోవడం లేదు. మందుకు అడిగిన వాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వలేదు.

అసలు టెన్షన్ పదో రోజు దగ్గరే వచ్చింది. 400 మందికి మటన్ పెట్టకపోతే పరువు పోతుందని చుట్టాలు పట్టుకు కూర్చున్నారు. క్యాటరింగ్ ఆయన ప్లేటుకు రూ.280 చెప్పాడు, అంటే రూ.1,12,000. అన్న కొడుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తేవడానికి సిద్ధపడ్డాడు, నెలకు రూ.3,000 వడ్డీకే పోయేది. మన పెద్దమనుషులు అతని మేనమామను పక్కకు పిలిచి, "ఆటో కిస్తీలే తీరలేదు. ఈ లక్షకు జామీను నువ్వుంటవా?" అని అడిగారు. ఆయన మళ్లీ మటన్ మాట ఎత్తలేదు. దగ్గరివాళ్లు 80 మందికి పప్పు, వంకాయ కూర, చారు, బూరెలు బస్తీ ఆడవాళ్లే వండారు. పటం ముందు పెట్టే విస్తట్లోకి మాత్రం అర కిలో మటన్ తెచ్చాం, ఆయనకు ఇష్టమని.

మిగిలిన రూ.10,000 ఆయన భార్య ఖాతాలో వేశాం. ఆయన పాస్‌బుక్‌లో మే నెలాఖరున రూ.436 కట్ అయినట్టు కనబడింది. అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, రూ.2 లక్షలు వస్తాయి. ఇంట్లో ఎవరికీ తెలియదు! మరణ నమోదు 21 రోజుల్లోపే ఉచితంగా చేయించి, క్లెయిమ్ పత్రాలు బ్యాంకులో ఇచ్చాం. సంపాదించే మనిషి 18–59 ఏళ్ల మధ్య పోతే పేద కుటుంబానికి ఇచ్చే రూ.20,000 జాతీయ కుటుంబ లబ్ధికీ దరఖాస్తు పెట్టాం. మీ ఇళ్లలో కూడా పాస్‌బుక్‌లు ఓసారి చూసుకోండి.

వోచర్లన్నీ సంఘం గదిలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఇకపై సంఘం నిధిని మూడో రోజు వరకే వాడాలని, పదో రోజు భోజనాలకు ఇవ్వకూడదని కొందరంటున్నారు. ఆదివారం మీటింగులో తేల్చుకుందాం.