అమ్మ పాటలు దక్కించిన చెల్లెలికి కృతజ్ఞతలు

మంగళహారతులు, పెళ్లి పాటలు, లాలి పాటలు కలిపి మా అమ్మ పాడినవి 412. పదేళ్లపాటు ఫోనులో రికార్డు చేసి కంప్యూటర్‌లో దాచుకున్నాను. అమ్మ ఇప్పుడు లేదు. గత నెల కంప్యూటర్‌ను నడిపే విండోస్ నుంచి ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారుతూ ఆ ఫోల్డరును కాపీ చేస్తే 37 పాటలు రాలేదు. ఫైలు పేరు మరీ పొడవుగా ఉందన్న సందేశం తప్ప ఇంకేమీ లేదు. ఫైళ్లు పాడైపోయాయనుకున్నాను. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మిత్రుడి ద్వారా పరిచయమైన ఒక చెల్లెలు రెండు సాయంత్రాలు ఫోనులోనే ఉండి దారి చూపింది. పేరు రాయవద్దని కోరింది. "అన్నయ్యా, పాటలు ఎక్కడికీ పోలేదు, పేర్లే పట్టడం లేదు" అన్న ఆమె మొదటి మాటతోనే ప్రాణం లేచి వచ్చింది.

నేను ప్రతి ఫైలుకూ పాట పల్లవి మొత్తం తెలుగులో పేరుగా పెట్టాను. డిస్కులో ఫైళ్లను అమర్చడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో పేరుకు 255 గుర్తులు పడతాయి. అదే పనికి ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 లెక్క గుర్తుల్లో కాదు, అవి కంప్యూటర్‌లో ఆక్రమించే చోటును కొలిచే బైట్లలో: 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, అంటే 85 గుర్తులే. 'లక్ష్మీ' కంటికి రెండక్షరాలు. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం కలిపి ఏడు గుర్తులు, 21 బైట్లు! ఇన్నేళ్లుగా తెలుగులో టైపు చేస్తున్నా నాకీ సంగతి తెలియదు.

పూర్తి పేర్లన్నీ ముందుగా ఒక పట్టికలో రాయించి, తర్వాతే విండోస్‌లో పేర్లు కుదింపజేసింది. తీరా ఉబుంటులోకి వస్తే డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుంది. బలవంతంగా తెరవబోతే వారించింది. కంప్యూటర్ త్వరగా తెరుచుకోవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదట, డిస్కును సగం పట్టుకునే ఉంటుందట. ఆ సదుపాయం తీసేయగానే చిక్కు వీడింది.

మాక్ వాడే మా తమ్ముడికి పంపాల్సిన పెన్‌డ్రైవును కూడా మాక్‌లోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయించింది. పాత పద్ధతి ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన అమ్మ వీడియో అందులో పట్టేది కాదు.

ముప్పై ఏడూ వచ్చాయి. ఒక హారతి మధ్యలో అమ్మ ఆగి, "పాలు పొంగుతున్నాయేమో చూడు" అంటుంది. ఆ మాట మళ్లీ విన్నాను.

చెల్లెమ్మా, డబ్బు ప్రస్తావన తేనివ్వలేదు నువ్వు. మీ పాప కోసం అడిగిన లాలి పాట ఈ ఉదయమే పంపాను. చిన్న పేరుతోనే.