హైడ్రాలిక్ క్లచ్‌లో గాలి మిగలకూడదు

సంపాదకులకు నమస్కారం.

నా 150 సీసీ బండికి క్లచ్ కేబుల్ తీయించి నల్లగొండలో ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ బిగించుకున్నాను. బ్లీడింగ్, అంటే ఆయిల్ పైపులోని గాలిని బయటికి తీయడం, సరిగా చేయకపోవడంతో పైపులో గాలి బుడగలు మిగిలి, లివర్ మెత్తగా దిగిపోయి, క్లచ్ పూర్తిగా విడవక, మిర్యాలగూడ రోడ్డు మీద గేరు వేయగానే బండి ముందుకు దూకింది. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. అందుకే చేతి బలం క్లచ్‌ను కదిపే కింది సిలిండర్‌కు చేరదు.

లివర్ నొక్కిపట్టి, గాలి వదిలే చిన్న స్క్రూ అయిన నిపుల్‌ను వదులు చేయాలి, బుడగలు బయటికి వచ్చాక నిపుల్ బిగించి ఆ తరువాతే లివర్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. లివర్ దగ్గరి పై డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకూడదు. మినరల్ ఆయిల్‌తో నడిచే క్లచ్ కిట్‌లో డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి గనుక, మెకానిక్ సోదరులు డబ్బా మూత మీది అక్షరాలు చదివాకే పోయాలని, డాట్ 4 రంగును తినేస్తుంది కాబట్టి ట్యాంకుపై గుడ్డ కప్పాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకుడు, నల్లగొండ