ఆర్కే బీచ్‌లో పల్లీలు అమ్మే పెద్దాయనకు

నేవీ డే విన్యాసాలు చూపిద్దామని మా నాలుగేళ్ల బాబుని విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. హాక్ జెట్ నెత్తిమీదుగా దూసుకుపోయేసరికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ జనంలోంచి బయటపడే దారి లేదు, నాకు ఒకటే టెన్షన్.

మీరు బేరం వదిలేసి వచ్చి వాడి ముందు గొంతుక్కూర్చున్నారు. "ముందు ఇమానం వత్తాది, సప్పుడు దాని ఎనకాల వత్తాది. నాను సెయ్యెత్తగానే సెవులు మూసుకో నాయనా" అన్నారు.

ఆ తర్వాత సముద్రం వైపు నుంచి ఏది వస్తున్నా, పొట్లాలు కడుతూనే మసి అంటిన చెయ్యి పైకెత్తారు. ఒక్కదాన్నీ వదల్లేదు! ఆఖర్న హెలికాప్టర్ వస్తే మావాడే నవ్వుతూ టాటా చెప్పాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు సరికదా, వాడి జేబులో పల్లీలు పోశారు.

మీ పేరైనా అడగలేకపోయాను. మీకు మా ఇంటిల్లిపాది దణ్ణాలు, పెద్దాయనా.